లాక్ తీసి ఉంచితే అద్దం మిగులుతుందా?

అద్దం పగలగొడతారన్న భయంతో కారు లాక్ చేయకుండా వదిలేద్దామా అన్నారు కదా. వద్దండీ, లాక్ చేయండి. చాలామంది దొంగలు వరసగా హ్యాండిళ్లు లాగి చూసుకుంటూ పోతారు, తెరుచుకున్న కారే వాళ్లకు దొరికిన కారు. ఇక అద్దం పగలగొట్టే రకం సీటు మీద బ్యాగు కనబడితే చాలు, డోరు తెరిచి ఉందో లేదో చూస్తాడన్న నమ్మకం లేదు. పైగా లోపలికి వస్తే డిక్కీ, బానెట్ తీసే లివర్లు, కాగితాలు అన్నీ చేతికందుతాయి. లాక్ వేయలేదని తేలితే ఇన్సూరెన్స్ వాళ్లు పేచీ పెట్టొచ్చు కూడా.

అద్దాన్ని నిజంగా కాపాడేది ఖాళీగా కనబడే కారు. ఛార్జింగ్ వైరు, చిల్లర కూడా పైకి కనబడనివ్వకండి. సామాను డిక్కీలో పెట్టేదుంటే బయల్దేరే ముందే పెట్టేయండి. పార్క్ చేశాక అందరూ చూస్తుండగా సర్దితే దాచినట్టా, చూపించినట్టా?

రిమోట్ నొక్కాక హ్యాండిల్ ఒకసారి లాగి చూడండి, జామర్‌తో సిగ్నల్ ఆపేవాళ్లూ ఉన్నారు. మీది కీలెస్ కారైతే, అంటే కీ దగ్గరుంటే చాలు తెరుచుకునే రకమైతే, రాత్రిళ్లు ఆ కీని వీధి తలుపు పక్కన పెట్టకండి, దాని సిగ్నల్‌ను బయటి నుంచే అందుకుని కారు తెరిచేవాళ్లున్నారు. సిగ్నల్‌ను అడ్డుకునే పౌచ్‌లో వేసి లోపలి గదిలో ఉంచండి.