షష్టిపూర్తి కార్డులో రెండు వత్తులు

సందేహం: మా నాన్నగారు 1967 ఫిబ్రవరిలో, మాఘ శుద్ధ షష్ఠి నాడు పుట్టారు. వచ్చే మాఘంలో ఆయనకు అరవై నిండుతాయి. కార్డు ప్రూఫులో ప్రెస్సువాళ్ళు ‘షష్ఠిపూర్తి’ అని వేశారు. అన్నయ్య దాన్ని ‘షష్టిపూర్తి’ అని దిద్దాడు. నాన్న పుట్టింది షష్ఠి నాడే కదా, అలా ఉన్నా తప్పేముంది అంటోంది అమ్మ. పైగా ఈ సంవత్సరం పేరు పరాభవ. పరాభవం అంటే అవమానం కదా, కార్డులో ఆ పేరు వద్దని మా పిల్లలు పట్టుబట్టారు. నాన్న కూడా పరాభవలోనే పుట్టారని పురోహితుడుగారు అంటున్నారు. నెట్‌లో చూస్తే పరాభవ 1966 అని వస్తోంది. ఇంకొక్కటి: ఉగాది అనడం తప్పు, యుగాది అనే రాయాలని మా బంధువుల వాట్సాప్ గ్రూపులో పెద్ద చర్చ జరిగింది. ఏది సరైనది?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

సమాధానం: ముందుగా మీ అమ్మగారికి, నాన్నగారికి నా నమస్కారాలు. మీ అన్నయ్య దిద్దిందే సరైనది. అయితే అమ్మగారి మాటని కొట్టిపారేయడానికి లేదు. మీ కార్డులో ‘షష్ఠి’ కూడా ఉండి తీరాలి, కాకపోతే వేరే చోట.

సంస్కృతంలో ‘షష్టి’ అంటే అరవై. ‘షష్ఠి’ అంటే ఆరవది. రెండూ ఆరు అనే అర్థమున్న ‘షష్’ నుంచే పుట్టాయి, చేరిన ప్రత్యయాలే వేరు. పదుల లెక్క చెప్పే మాటలు ఒకసారి వరసగా పలికి చూడండి: వింశతి, షష్టి, సప్తతి, అశీతి, నవతి. ఇరవై, అరవై, డెబ్భై, ఎనభై, తొంభై. అన్నిటి చివరా ఒత్తు లేని ‘తి’ ఉంది. షష్టిలో ఆ ‘తి’ ముందున్న షకారం ప్రభావంతో ‘టి’ అయింది, అంతే. వరస సంఖ్య చెప్పేటప్పుడు నాలుగుకీ ఆరుకీ ‘థ’ చేరుతుంది: చతుర్థ, షష్ఠ. తిథులకు వచ్చేసరికి చతుర్థి, షష్ఠి. ఇక్కడ కూడా షకారం పక్కన చేరిన ‘థ’ ‘ఠ’గా మారింది. సప్తతిని ఎవరూ ‘సప్తథి’ అని రాయరు. ఆ ఒక్కటి గుర్తుంటే షష్టి దగ్గర చెయ్యి తడబడదు.

మరి ఇంతమంది ఎందుకు తప్పు రాస్తున్నారు? నోట్లో రెండూ దాదాపు ఒకేలా పలుకుతాయి. మన మాట్లాడే తెలుగులో టకి, ఠకి తేడా చాలామంది చూపించరు. పైగా కంటికి అలవాటైంది షష్ఠి. సుబ్బారాయుడి షష్ఠి వస్తే మోపిదేవి దారులన్నీ జనంతో నిండిపోతాయి. బళ్ళో వ్యాకరణం చదివినవాళ్ళకు షష్ఠీ విభక్తి, షష్ఠీ తత్పురుష తెలుసు. తిథుల పేర్లలో చాలా వాటిని మనం మన నోటికి తగ్గట్టు మార్చుకున్నాం. పాడ్యమి, విదియ, తదియ, చవితి అలా వచ్చినవే. షష్ఠి మాత్రం సంస్కృతంలో ఉన్నట్టే క్యాలెండర్‌లో నిలిచింది. ఏటా అన్నిసార్లు కనబడే మాట కావడంతో, అరవై అనే మాట రాయాల్సిన చోట కూడా చెయ్యి అటే వెళుతుంది. ‘షష్ఠిపూర్తి’ అని వేస్తే ఆరో తిథి పూర్తయింది అనే అర్థం వస్తుంది. షష్ఠి నాడు పుట్టినవారికైనా ఆ వేడుక తిథి ముగిసినందుకు కాదు, అరవై ఏళ్ళు నిండినందుకు. కొందరు ‘షష్ట్యబ్దపూర్తి’ అని వేయిస్తారు. అబ్దం అంటే సంవత్సరం. అక్కడా ఒత్తు లేని టకారమే.

‘పూర్తి’ అన్న మాటని కూడా కాస్త పట్టి చూడండి. మీరు ఉత్తరంలో ‘అరవై నిండుతాయి’ అని రాశారు. ఎంత చక్కటి మాట! తెలుగులో వయసు కుండలో నీళ్ళలా నిండుతుంది. చంటిపిల్లకి ఏడాది నిండింది అంటాం, కడుపుతో ఉన్న అమ్మాయికి నెలలు నిండాయి అంటాం, పెద్దాయనకు అరవై నిండాయి అంటాం. నిండిన మర్నాటి నుంచి పై సంవత్సరం ‘నడుస్తుంది’. అందుకే అరవై నిండినాయనకు అరవై ఒకటో ఏడు నడుస్తోంది అనాలి. అరవయ్యో ఏడు నడవడం వేరు, అరవై నిండడం వేరు. పూర్తి అంటే ఈ నిండడమే. మీ నాన్నగారికి 2027 ఫిబ్రవరిలో, మాఘంలో నిండుతాయి. మీ లెక్క సరిగ్గా ఉంది. వేడుక తిథిని బట్టి చేసుకోవాలా, జన్మనక్షత్రాన్ని బట్టా అన్నది మీ ఇంటి ఆచారం.

ఇక పరాభవ సంగతి. నిజానికి షష్టిపూర్తికి అసలు కారణమే ఈ సంవత్సరాల పేర్లు. ప్రభవ మొదలుకొని క్షయ దాకా అరవై పేర్లు. ప్రతి ఉగాదికి ఒక పేరు దిగి ఇంకో పేరు ఎక్కుతుంది. మనిషి ఏ పేరుగల సంవత్సరంలో పుట్టాడో, ఆ పేరు మళ్ళీ వచ్చేసరికి అరవై నిండుతాయి. అంటే మీ నాన్నగారు పుట్టిన సంవత్సరమే ఆయన్ని వెతుక్కుంటూ తిరిగి వచ్చింది. దాన్ని కార్డులోంచి తీసేస్తే ఇంకేం మిగులుతుంది?

నెట్‌లో మీరు చూసిన 1966 తప్పు కాదు, పురోహితుడుగారి మాటా తప్పు కాదు. తెలుగు సంవత్సరం జనవరి ఒకటిన మారదు. 1966 మార్చిలో వచ్చిన ఉగాదితో పరాభవ మొదలై 1967 ఏప్రిల్‌లో వచ్చిన ఉగాది ముందు రోజు దాకా నడిచింది. ఫిబ్రవరిలో పుట్టిన మీ నాన్నగారు ఇంకా పరాభవలోనే ఉన్నారు. జనవరి, ఫిబ్రవరి, మార్చి నెలల్లో పుట్టినవాళ్ళ దగ్గర ఈ పొరపాటు తరచుగా జరుగుతుంది. సరిగ్గా లెక్కపెట్టడం కష్టమేమీ కాదు. ఉగాది వచ్చిన ఇంగ్లీషు సంవత్సరంలోంచి 1986 తీసేయండి. 2026లోంచి తీస్తే 40. నలభయ్యో పేరు పరాభవ. అంతకు ముందరి చక్రానికి 1926 తీసేయాలి. 1966లోంచి తీస్తే మళ్ళీ 40. పుట్టినరోజు ఉగాదికి ముందైతే వెనకటి ఏడాది అంకె తీసుకోవాలి.

ఈసారి పరాభవ 2026 మార్చి 19న వచ్చింది. మధ్యలో అధిక జ్యేష్ఠం పడింది కాబట్టి పదమూడు నెలలు నడిచి 2027 ఏప్రిల్ 6న వెళ్ళిపోతుంది. అరవై ఏళ్ళ కిందటి పరాభవలో కూడా ఒక అధికమాసం వచ్చింది, అప్పుడది శ్రావణం.

ఈ లెక్క ఎంత కాలంగా చెక్కుచెదరకుండా సాగుతోందో ఒక్క ఉదాహరణ చెప్తాను. హనుమకొండ వేయిస్తంభాల గుడిలో కాకతి రుద్రదేవుడి శాసనం ఉంది. దాని తేదీ శకవర్షం 1084, చిత్రభాను సంవత్సరం, మాఘ శుద్ధ త్రయోదశి. ఇంగ్లీషు లెక్కలో 1163 జనవరి. చిత్రభాను పదహారో పేరు. మన కాలంలో చిత్రభాను 2002 ఉగాదికి వచ్చింది. 1162 ఉగాది నుంచి 2002 ఉగాదికి 840 ఏళ్ళు, అంటే సరిగ్గా పద్నాలుగు అరవైలు. మధ్యలో రాజ్యాలు మారాయి, లిపి మారింది, శకవర్షం రాయడం ఇళ్ళలో చాలామటుకు పోయింది. సంవత్సరం, మాసం, పక్షం, తిథి అనే వరస మాత్రం మీ ప్రెస్సువాళ్ళు వేసే కార్డు దాకా అలాగే వచ్చింది. ఆ శాసనంలో ఉన్నదీ మాఘ శుద్ధమే, మీ నాన్నగారిదీ మాఘ శుద్ధమే. మీ ఉత్తరం చదవగానే నాకు ముందు ఆ రాయే గుర్తొచ్చింది.

ఉత్తరాదిన ఇవే అరవై పేర్లున్నా లెక్క వేరు. ఈ చక్రానికి మూలం బృహస్పతి నడక. గురుడు ఒక రాశిలో సగటున 361 రోజులుంటాడు. సౌర సంవత్సరం కన్నా అది నాలుగు రోజులు తక్కువ. ఆ తేడా సర్దడానికి సుమారు 85 ఏళ్ళకోసారి అక్కడ ఒక పేరు దాటేస్తారు. దక్షిణాదిన ఆ దాటవేత ఎప్పుడో మానేశాం. అందుకే మనకు అరవై ఏళ్ళకు అదే పేరు తప్పకుండా వస్తుంది, షష్టిపూర్తికి ఆ అందం దక్కింది. తమిళులవీ ఇవే పేర్లు, కానీ వాళ్ళ సంవత్సరాది ఏప్రిల్ 14న. మన ఉగాదికీ దానికీ మధ్య పుట్టిన బిడ్డకి హైదరాబాదులో ఒక పేరు, చెన్నైలో ఇంకో పేరు చెప్తారు. తమిళనాట స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు జాతకం రాయించేటప్పుడు ఇది చూసుకోవాలి.

పిల్లల బాధ నాకు అర్థమైంది. పరాభవం అంటే ఓటమి, అవమానం. అందులో దాచేదేమీ లేదు. ‘భూ’ అనే ఒకే ధాతువుకి ముందు ‘ప్ర’ చేరితే ప్రభవ, పుట్టుక. ‘వి’ చేరితే విభవ, సంపద. ‘పరా’ చేరితే పరాభవ. ఈ మూడూ అరవై పేర్లలో ఉన్నాయి. అదే చక్రంలో విరోధి, క్రోధి, దుర్మతి, రాక్షస కూడా ఉన్నాయి. చివరిదైన క్షయ పలకడానికి మనసొప్పక చాలామంది దాన్ని అక్షయ అంటారు. అంటే మీ పిల్లలకు కలిగిన సంకోచం వెనకటివాళ్ళకూ కలిగింది. అయినా మిగతా పేర్లను ఎవరూ మార్చలేదు. అవి ఆ ఏడాదిలో పుట్టినవాళ్ళ స్వభావం చెప్పే మాటలు కావు. కాలాన్ని గుర్తుపట్టడానికి పెట్టుకున్న గుర్తులు.

మా అమ్మమ్మకి ఇంగ్లీషు సంవత్సరాలు తెలిసేవి కావు. ‘మీ పెద్దమామయ్య దుర్ముఖిలో పుట్టాడురా, కార్తీకంలో. అప్పుడే కదూ ఆంధ్రా, తెలంగాణా కలిశాయి’ అనేది. లెక్క సరిగ్గా సరిపోతుంది. 1956 నవంబరు 1 దుర్ముఖిలోనిదే. దుర్ముఖి అంటే వికారమైన ముఖం కలవాడు. మామయ్యది కళగల ముఖం, చూసినవాళ్ళు రెండోసారి చూసేవాళ్ళు. 2016లో ఆయన షష్టిపూర్తి కార్డు మీద ‘శ్రీ దుర్ముఖి నామ సంవత్సర’ అని పెద్ద అక్షరాల్లో వేయించాం. భోజనాల దగ్గర ఆ కార్డు చేతిలో పట్టుకుని, ‘అమ్మ ఉంటే ఈ పేరు చూసి ఎంత సంతోషించేదో’ అన్నాడాయన. మీ పిల్లలకు ఈ సంగతి చెప్పండి. తాతగారు పుట్టిన ఏడాది పేరు తాతగారి ఎదుట పలకడానికి వాళ్ళు ఇబ్బంది పడక్కర్లేదు.

ఉగాది, యుగాది సంగతికి వస్తే, రెండూ ఒకే మాట. యుగ, ఆది కలిసి యుగాది. దాని తెలుగు రూపం ఉగాది. అచ్చతెలుగు మాటల మొదట యకారం ఉండదని చిన్నయసూరి బాలవ్యాకరణంలో చెప్పాడు. సంస్కృతం నుంచి వచ్చిన యకారాన్ని మన నోరు రకరకాలుగా సర్దుకుంది. ప్రాకృతం మీదుగా వచ్చినవాటిలో అది జకారమైంది: యజ్ఞం జన్నమైంది, యోగి జోగి అయ్యాడు, యాత్ర జాతరైంది. యుగాదిలో మాత్రం అది జారిపోయి ఉకారం మిగిలింది. కన్నడిగులు యుగాది అనీ ఉగాది అనీ రెండు రకాలుగానూ అంటారు. ఉగాది తప్పు అనేవాళ్ళు జాతర కూడా తప్పే అనాలి. అది వాడుకలో ఎప్పుడో కుదురుకున్న మాట, నిస్సంకోచంగా రాయండి.

ఇంకోవైపు నుంచి కూడా ఒక వాదన ఏటా పండగ ముందు తిరుగుతుంది: ‘ఉగ’ అంటే నక్షత్రగమనం, అందుకే ఉగాది అని. సంస్కృతంలో నక్షత్రానికి ‘ఉడువు’ అనే మాట ఉంది కానీ, ఆ అర్థంలో ‘ఉగ’ నాకు ఏ నిఘంటువులోనూ కనబడలేదు. ఉన్న మాటకి మూలం కళ్ళెదుటే ఉండగా కొత్తది కల్పించుకోవడం ఎందుకు? ఏడాదికోసారి వచ్చే పండగకి యుగం అనేంత పెద్ద మాటేమిటి అని అడుగుతారు కొందరు. యుగం అంటే కృత, త్రేతాయుగాలే కానక్కర్లేదు. జ్యోతిషంలో ఐదేళ్ళ కాలానికి కూడా యుగం అనే పేరుంది. వరాహమిహిరుడి బృహత్సంహిత ఈ అరవై ఏళ్ళనే పన్నెండు యుగాలుగా, ఒక్కోదానికి ఐదేళ్ళ చొప్పున పంచింది. చైత్ర శుద్ధ పాడ్యమి నాడు బ్రహ్మ సృష్టి మొదలుపెట్టాడన్న పురాణవచనం ఉండనే ఉంది. పెద్దవాళ్ళు కొందరు ‘సంవత్సరాది’ అంటారు. అదీ చక్కటి మాటే, ఎవరింట్లో ఏది అలవాటైతే అది వాడుకోవచ్చు.

కార్డులో మొదటి వాక్యం ఇలా వేయించండి: ‘స్వస్తిశ్రీ చాంద్రమాన పరాభవ నామ సంవత్సర మాఘ శుద్ధ షష్ఠి నాడు మా తల్లిదండ్రుల షష్టిపూర్తి మహోత్సవం’. వేడుక ఇంకో రోజుకి కుదిరితే ఆ రోజు తిథి వేయాలి. ప్రూఫు వచ్చాక అద్దం పెట్టుకునైనా సరే, రెండు చోట్ల వత్తులు చూడండి. ఠవత్తు గుండ్రంగా, మధ్యలో చుక్కతో ఉంటుంది. అక్షరం చిన్నదైతే ఆ చుక్క ఇంకుతో పూడిపోతుంది, కాబట్టి కాస్త పెద్ద సైజు అడగండి. తిథి దగ్గర ఆ చుక్క ఉండాలి, వేడుక పేరు దగ్గర ఉండకూడదు.