ఇల్లు పరిశీలించి నివేదిక ఇచ్చేవారికి ఏ బీమా ముందు?

ప్రశ్న: సివిల్ డిప్లొమా చదివి, పదేళ్లు నెల్లూరులో అపార్ట్‌మెంట్ల నిర్మాణ పనులకు సైట్ సూపర్‌వైజరుగా చేశాను. ఇల్లు గానీ ఫ్లాటు గానీ కొనదలచినవారి తరఫున దాన్ని పరిశీలించి, లోపాలను రాసి ఇచ్చే పని ఈమధ్యే సొంతంగా మొదలుపెట్టాను. సహాయకుడిగా ఒక కుర్రాడు ఉన్నాడు. ఆఫీసు గదికి షాపు పాలసీ తీసుకుంటే అన్నీ అందులోనే వస్తాయని ఏజెంటు గారు అంటున్నారు. అది సరిపోతుందా?
— ఒక పాఠకుడు, కావలి

జవాబు: సరిపోదండీ. షాపు పాలసీ ప్రధానంగా మీ గదికి, అందులోని సామగ్రికి అగ్నిప్రమాదం, దొంగతనం వంటివాటి వల్ల కలిగే నష్టాన్ని భరిస్తుంది. మీరు సంతకం చేసి ఇచ్చిన నివేదికలో పొరపాటు దొర్లి, దాన్ని నమ్మి ఇల్లు కొన్నవారు నష్టపోతే, వారికి మీరు చెల్లించవలసిన పరిహారం దాని పరిధిలోకి రాదు. మీ వృత్తిలో అసలు ప్రమాదం అక్కడే ఉంది కనుక, ప్రొఫెషనల్ ఇండెమ్నిటీ అని పిలిచే వృత్తి బాధ్యత బీమాను అన్నిటికంటే ముందు తీసుకోండి.

ఈ బీమాను కొనేటప్పుడు తేదీల విషయం బాగా అర్థం చేసుకోవాలి. మీరు మే నెలలో మైపాడు వైపు ఒక మేడను చూసి, గోడలు పొడిగా ఉన్నాయని రాసి ఇచ్చారనుకుందాం. మన జిల్లాలో పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. అప్పుడు స్లాబు కారడం మొదలై, కొన్నవారు మరుసటి ఏడాది మీమీద పరిహారం కోరవచ్చు. సాధారణంగా ఈ పాలసీలలో, నివేదిక రాసిన నాటి పాలసీ కాక, పరిహారం కోరిన నాడు అమలులో ఉన్న పాలసీయే మీకు అక్కరకు వస్తుంది. అదీ మీరు ఆ పని చేసినది పాలసీలో పేర్కొన్న రెట్రోయాక్టివ్ తేదీ (ఏ నాటి నుంచి చేసిన పనులకు రక్షణ ఉంటుందో తెలిపే తేదీ) తర్వాత అయితేనే. అందువల్ల వృత్తి మొదలుపెట్టిన నాటి నుంచే తీసుకుని, ఒక్క ఏడాది కూడా విడవకుండా రెన్యువల్ చేయించుకోవాలి. కంపెనీ మారినా పాత రెట్రోయాక్టివ్ తేదీనే కొనసాగించమని అడిగి, రాతలో తీసుకోండి. వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదుకు, కారణం ఏర్పడిన నాటి నుంచి 2 సంవత్సరాల గడువు ఉంటుంది కనుక, పని మానేసిన వెంటనే పాలసీని వదిలేయడం కూడా క్షేమం కాదు.

బీమా మొత్తాన్ని ఎంచుకునేటప్పుడు వకీలు ఖర్చులు అందులోనే కలిసి ఉన్నాయో, విడిగా ఇస్తారో చూడండి. కలిసి ఉంటే, 25 లక్షల పాలసీలో వాదనకు 3 లక్షలు ఖర్చయినప్పుడు పరిహారానికి మిగిలేది 22 లక్షలే. ప్రతి క్లెయిములో మీరు సొంతంగా భరించవలసిన మొత్తం ఎంతో కూడా అడగండి.

ప్రతిపాదన పత్రంలో మీరు చేసే పనిని ఉన్నది ఉన్నట్టు రాయండి. కంటికి కనిపించే భాగాలను మాత్రమే పరిశీలిస్తారా, కట్టడం పటిష్ఠతపై ధ్రువీకరణ, విలువ నిర్ణయం కూడా చేస్తారా అన్నది కంపెనీకి తెలియాలి. చెప్పని పనికి రక్షణ ఆశించలేము. నివేదికలో మాత్రం ‘అయిదేళ్లు చెమ్మ రాదు’ వంటి హామీలు ఇవ్వకండి. మీరు నోటితోనో రాతతోనో అదనంగా ఇచ్చిన గ్యారంటీని ఈ పాలసీలు సాధారణంగా మినహాయిస్తాయి. ఫాల్స్ సీలింగు వెనుక భాగం చూడలేకపోతే, చూడలేదని స్పష్టంగా రాయండి. సముద్రపు ఉప్పుగాలికి లోపలి ఇనుప కడ్డీలు తుప్పుపట్టే మన తీరగ్రామాల్లో ఈ ఒక్క వాక్యం చాలా విలువైనది.

మీ నిచ్చెన జారి ఇంటి యజమాని కారు మీద పడితే పనికివచ్చేది పబ్లిక్ లయబిలిటీ బీమా. ప్రమాదకర పదార్థాలతో పనిచేసే సంస్థల కోసం వచ్చిన 1991 నాటి పబ్లిక్ లయబిలిటీ ఇన్సూరెన్స్ చట్టం కింది పాలసీ వేరు. పేర్లు దగ్గరగా ఉన్నాయని పొరబడకండి. సహాయకుడు మేడ మీద నుంచి పడితే యజమానిగా మీరే బాధ్యులయ్యే అవకాశం ఉంది కనుక ఉద్యోగుల పరిహార బీమా, మీకోసం వ్యక్తిగత ప్రమాద బీమా తీసుకోండి. చెమ్మను కొలిచే మీటరు వంటి పరికరాలకు బీమా తర్వాతైనా చేయించుకోవచ్చు.

ప్రీమియం కంపెనీకి ముందుగా చేరితే తప్ప రక్షణ మొదలుకాదు కనుక, ఏజెంటు గారి మాట మీద ఆగకుండా రసీదు, పాలసీ పత్రం చేతికి తీసుకోండి. ఎప్పుడైనా నోటీసు వస్తే, తప్పు మీదేనని ఒప్పుకుంటూ జవాబివ్వడం గానీ, డబ్బిచ్చి సర్దుబాటు చేసుకోవడం గానీ చేయకుండా, అదే రోజు కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేయండి.