మోకాలికి ‘నానా’ అని రాశారా? ముందు ఆ కాగితం తెప్పించుకో

తమ్ముడూ, సైన్యం నుంచి బయటికొచ్చేటప్పుడు నిన్ను పరీక్షించిన రిలీజ్ మెడికల్ బోర్డు కూడా నాకు రాసిన ముక్కే రాసింది. మోకాలికి 20 శాతం వైకల్యం, జీవితాంతం, కానీ సర్వీసు వల్ల వచ్చిందీ కాదు, సర్వీసు వల్ల ముదిరిందీ కాదు. మనవాళ్లు ‘నానా’ అంటారే, అదే. వైకల్య పెన్షన్ కోసం ఫస్ట్ అప్పీల్లో ఏం రాయాలని అడిగావు. ఏం రాసి ఓడిపోయానో ముందు చెప్తా.

నేను ఆర్టిలరీ హవల్దారుని, 2017లో పెన్షన్ వచ్చాను. అప్పీలంటే మొర పెట్టుకోవడమే అనుకున్నా. నాలుగు పేజీలు రాశా. మెట్లు దిగలేను, కింద కూర్చోలేను, పెళ్లి పంక్తిలో కూడా కుర్చీ అడగాల్సొస్తోంది అని. అన్నీ నిజాలే. కానీ నొప్పి లేదని బోర్డు అనలేదు కదా, 20 శాతం వేసింది వాళ్లే! వాళ్లు కాదన్నది నొప్పికీ నౌకరీకీ ఉన్న సంబంధాన్ని. నేను దాని జోలికే పోలేదు. ఒక్క పేరాలో కొట్టేశారు.

తర్వాత మా ఊరి సుబేదారు గారు తిట్టి ఆర్టీఐ (సమాచార హక్కు దరఖాస్తు) వేయించారు. బోర్డు ప్రొసీడింగ్స్ వచ్చాయి. కారణం దగ్గర ‘వయసుతో వచ్చే అరుగుదల’ అని ఒకే లైను. 2004లో యూనిట్ బాస్కెట్‌బాల్ మ్యాచ్‌లో అదే మోకాలి లిగమెంట్ తెగింది. అప్పటి ఇంజురీ రిపోర్టు (ఐఏఎఫ్‌వై-2006) ‘డ్యూటీలో’ అన్న మాటతో, సీవో (కమాండింగ్ ఆఫీసర్) సంతకంతో ఆ కట్టలోనే ఉంది. యూనిట్ పెట్టిన ఆట డ్యూటీ కిందికే వస్తుంది. లిగమెంట్ తెగిన మోకాలు త్వరగా అరుగుతుందని ఏ ఎముకల డాక్టరైనా చెప్తాడు. నాకంటే ఆ కాగితమే బాగా మాట్లాడింది.

సెకండ్ అప్పీల్ ఒకటిన్నర పేజీ. ఆరు నెలలైనా జవాబు లేదు. అలా ఆగిపోతే సైనిక ట్రిబ్యునల్‌కి (ఏఎఫ్‌టీ) వెళ్లొచ్చు, మనకి చెన్నై బెంచి. అక్కడ పనికొచ్చింది 2013 నాటి సుప్రీంకోర్టు ధరమ్‌వీర్ సింగ్ తీర్పు: భర్తీ అయినప్పుడు ఆ జబ్బు మెడికల్లో రాసి లేకపోతే సర్వీసులో వచ్చినట్టే అనుకోవాలి, కాదంటే బోర్డే కారణాలు చూపాలి. దాంతోపాటు 2014 రామ్ అవతార్ తీర్పు ప్రకారం నా 20 శాతాన్ని 50కి పెంచారు. వైకల్యం నూటికి నూరు శాతమైతే ఆఖరి జీతంలో 30 శాతం ఇవ్వడం లెక్క. జీతం 40 వేలైతే 20 శాతానికి నెలకి 2,400, 50 శాతానికి 6,000. డీఆర్ (కరువు భత్యం) వేరే.

2023 సెప్టెంబర్ 21 నుంచి ఈ పెన్షన్ రూల్స్ మారాయి. నువ్వు ఆ ఏడాది ఆగస్టులోనే సర్వీసు దిగావు కాబట్టి నీకు పాతవే.

బకాయిల్లో వాటా అడిగే వకీళ్లు తగులుతారు, వాళ్ల జోలికి పోకు. ఆలస్యం కూడా చేయకు. లేటుగా వెళ్లినవాళ్లకి మూడేళ్ల బకాయే ఇచ్చిన తీర్పులున్నాయి. ఫస్ట్ అప్పీల్‌కి రిజెక్షన్ లెటర్ నుంచి ఆరు నెలలు గడువు, నీకు నాలుగైపోయాయి. రేపే పది రూపాయల పోస్టల్ ఆర్డర్ పెట్టి రికార్డ్ ఆఫీసుకి ఆర్టీఐ వెయ్యి. రెండే అడుగు: పూర్తి బోర్డు ప్రొసీడింగ్స్, భర్తీ నాటి మెడికల్ కాగితాలు. 2011లో పీటీలో పడ్డానన్నావు కదా, ఆ ఇంజురీ రిపోర్టు వాటిలో లేకపోతే మళ్లీ ఇక్కడే రాయి.