కువైట్, ఎర్బిల్ రాకపోకల డబ్బుతో ఈఎంఐ కట్టవచ్చా?

ప్రశ్న: మా వారు అమెరికా సైన్యంలో సార్జెంటు. తొమ్మిది నెలల డ్యూటీ మీద కువైట్‌లోని క్యాంప్ అరిఫ్‌జాన్‌లో ఉన్నారు. అక్కడి నుంచి తరచూ ఇరాక్‌లోని ఎర్బిల్‌కు, ఒక్కోసారి జర్మనీకి పంపుతున్నారు. చేతికొచ్చే జీతం పెరిగింది గానీ నెలనెలా మారుతోంది. దీన్ని నమ్ముకుని హైదరాబాద్ శివార్లలో స్థలానికి అప్పు తీసుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, కిలీన్, టెక్సాస్

జవాబు: ఆ డబ్బును నమ్ముకుని అప్పు తీసుకోవద్దనే నా సలహా. జీతంలో మీకు కనిపిస్తున్న పెరుగుదలలో ఎక్కువ భాగం ప్రయాణాల వల్ల వచ్చింది కాదు, ఆయన కువైట్‌లో ఉండటం వల్ల వచ్చింది. 1991 నుంచి అమెరికా ప్రభుత్వం యుద్ధ మండలంగా పరిగణిస్తున్న ప్రాంతంలో కువైట్, ఇరాక్ రెండూ ఉన్నాయి కాబట్టి, సార్జెంటు హోదాలో ఆయన మూల వేతనంపై ఫెడరల్ ఆదాయపు పన్ను పడదు. సోషల్ సెక్యూరిటీ (పింఛను), మెడికేర్ (వృద్ధుల వైద్య బీమా) కోతలు మాత్రం మామూలే. నెలలో ఒక్క రోజు విధుల్లో భాగంగా ఆ మండలంలో ఉన్నా నెల మొత్తానికీ మినహాయింపు వర్తిస్తుంది. అందువల్ల జర్మనీలో పది రోజులున్నా మీరు దిగులు పడనక్కరలేదు.

ఎర్బిల్ ప్రయాణాల సంగతి వేరు. ఇరాక్‌లో ఉన్న రోజులకు ఇచ్చే ప్రమాద భత్యాన్ని రోజుకు 7.50 డాలర్ల చొప్పున, నెలకు 225 డాలర్లకు మించకుండా లెక్కగడతారు. నెలలో ఎనిమిది రోజులుంటే వచ్చేది 60 డాలర్లే. ఆ ప్రయాణాలు తగ్గితే బాగుండునని కోరుకోవలసిన ఇంట్లో, వాయిదా కట్టడం కోసం అవి ఆగిపోకూడదని ఎదురుచూసే పరిస్థితి రావడం నాకు ఎంతమాత్రం ఇష్టం లేదు.

బేస్‌లో వసతి, భోజనం ప్రభుత్వమే సమకూర్చినప్పుడు దినభత్యం కూడా సాధారణంగా రోజుకు 3.50 డాలర్ల చిల్లర ఖర్చులకే పరిమితమవుతుంది. కాబట్టి ప్రయాణ భత్యాన్ని ఆదాయంగా చూడకండి. అది ఆయన జేబులోంచి పోయినది తిరిగి రావడమే. అది కూడా, తిరిగొచ్చిన 5 పనిదినాల్లోగా వోచర్ (ప్రయాణ ఖర్చుల బిల్లు) సమర్పిస్తేనే సకాలంలో అందుతుంది. హోటల్ బస రసీదులు, 75 డాలర్లు, అంతకు మించిన ప్రతి ఖర్చు రసీదు తప్పనిసరి. ఆర్డర్ల ప్రతులను, తేదీలు కనిపించే ప్రయాణ పత్రాలను ఆయన ఫొటో తీసి మీకు పంపితే, రేపు పన్ను లెక్కల్లో ఏ నెలకైనా ప్రశ్న వచ్చినప్పుడు అవే ఆధారమవుతాయి.

మిగులుతున్న డబ్బుకు ఇంతకంటే మంచి చోటు ఉంది. యుద్ధ మండలంలో వరుసగా 30 రోజులు పనిచేసినవారు అమెరికా రక్షణ శాఖ నడిపే సేవింగ్స్ డిపాజిట్ ప్రోగ్రామ్‌లో 10,000 డాలర్ల వరకు దాచుకోవచ్చు. దానిపై ఏటా 10 శాతం వడ్డీ వస్తుంది, మండలం విడిచిన తర్వాత కూడా 90 రోజుల వరకు కొనసాగుతుంది. పూర్తి మొత్తం తొమ్మిది నెలలు నిల్వ ఉంటే సుమారు 769 డాలర్ల వడ్డీ చేతికొస్తుంది. ఆ వడ్డీపై పన్ను ఉంటుందని మాత్రం గుర్తుంచుకోండి. ప్రభుత్వ హామీతో ఇంత వడ్డీ ఇచ్చే పథకం మీకు బయట దొరకదు.

స్థలం కొనాలన్న కోరికను నేను కాదనడం లేదు. ఆయన టెక్సాస్‌కు తిరిగొచ్చాక, పన్ను పోగా చేతికొచ్చే మామూలు జీతంలో ఏ వాయిదా ఇబ్బంది లేకుండా ఇముడుతుందో లెక్క చూసుకుని, ఈ డిపాజిట్‌ను మొదటి చెల్లింపుగా వాడుకోండి.