నెలసరి సక్రమంగా రానివారికి 14వ రోజు లెక్క సరిపోదు

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లెటూరు. నా వయసు 27 ఏళ్లు, పెళ్లై రెండేళ్లు దాటింది. నెలసరి ఒకసారి 40 రోజులకు, ఒకసారి 55 రోజులకు వస్తోంది. 14వ రోజు లెక్క చూసుకుని కలుస్తున్నా గర్భం రావడం లేదు. ఆలస్యమైనప్పుడల్లా మందుల షాపులో మాత్రలు తెచ్చుకుని వేసుకుంటున్నాను. మా తోటికోడలికి ఏడాదిలోపే బిడ్డ పుట్టడంతో, ఏ శుభకార్యానికి వెళ్లినా అత్తగారు నలుగురిలో ఆ మాటే ఎత్తుతున్నారు. పరీక్షలకు రమ్మంటే మావారు "లోపం నీదేగా" అంటున్నారు. నేనేం చేయాలి?

జవాబు: అమ్మా, 14వ రోజు లెక్క 28 రోజులకోసారి నెలసరి వచ్చేవారిది. అండం విడుదలైన దాదాపు రెండు వారాలకు నెలసరి వస్తుంది కనుక, మీకు 40 రోజులకు వచ్చిన నెలలో అండం విడుదలై ఉంటే అది సుమారు 26వ రోజున అయి ఉంటుంది. కొన్ని నెలల్లో అసలు విడుదలే కాకపోయి ఉండవచ్చు. వీర్యకణాలు ఐదు రోజుల వరకు జీవించగలవు, అండం మాత్రం ఒక్క రోజుకు మించి నిలవదు. అందువల్ల తేదీల కోసం ఎదురుచూడకుండా రెండు మూడు రోజులకోసారి కలవడం మేలు. తెల్లబట్ట పచ్చి గుడ్డు తెల్లసొనలా జారుతూ, వేళ్ల మధ్య తీగలా సాగే రోజులు మరింత అనుకూలమైనవి.

డాక్టరు చెప్పకుండా ఆ మాత్రలు ఇక వేసుకోకండి. అవి రక్తస్రావం తెప్పిస్తాయే తప్ప అండాన్ని విడుదల చేయవు. పైగా ఆలస్యానికి కారణం గర్భమే కావచ్చు కనుక ముందు ఇంట్లోనే మూత్ర పరీక్ష చేసి చూసుకోవాలి.

ఏడాది ప్రయత్నించినా గర్భం రాకపోతే డాక్టరును కలవాలన్నది సాధారణ నియమం. నెలసరి క్రమం తప్పినవారు అంతవరకూ ఆగనవసరం లేదు. థైరాయిడ్, ప్రొలాక్టిన్ (పాలు పడేలా చేసే హార్మోన్), షుగర్ పరీక్షలతో పాటు అండాశయాల స్కానింగ్ చేస్తారు. ఇలాంటి క్రమభంగానికి తరచుగా కనిపించే కారణం పీసీఓఎస్, అంటే హార్మోన్ల తేడాతో అండం సక్రమంగా విడుదల కాని సమస్య. బరువు ఎక్కువగా ఉంటే అందులో 5 నుంచి 10 శాతం తగ్గినా చాలామందిలో అండం విడుదల మళ్లీ మొదలవుతుంది. రెండు పూటలా తినే తెల్లన్నం కొంత తగ్గించి కూర, పప్పు పెంచుకుని, పొద్దున్నే కాలువ గట్టు మీద అరగంట వేగంగా నడవండి. అవసరమైతే అండం విడుదలకు తోడ్పడే లెట్రోజోల్ వంటి మాత్రలు డాక్టరే ఇస్తారు. రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ మాత్ర మాత్రం ఇప్పటినుంచే మొదలుపెట్టవచ్చు.

మీవారి మాట నన్ను ఎక్కువగా బాధించింది. మీ నెలసరి సరిగా లేదన్నంత మాత్రాన ఆయన వీర్యం సరిగా ఉందని అర్థం కాదు. సంతానలేమి జంటల్లో దాదాపు సగం మందిలో మగవారి వైపునుంచీ ఏదో ఒక కారణం ఉంటుంది. మీకు నెలల తరబడి మందులు వాడాక ఆ సంగతి బయటపడితే, ఆ కాలమంతా వృథా అవుతుంది. రెండు నుంచి ఏడు రోజులు కలయికకు దూరంగా ఉండి ఇచ్చే ఒక్క వీర్య నమూనాతో ఆయన పరీక్ష అయిపోతుంది. అమలాపురంలో తెలిసినవాళ్లు చూస్తారన్న సంకోచముంటే ఇద్దరూ కాకినాడకో రాజమహేంద్రవరానికో వెళ్లి చూపించుకోవచ్చు.

అత్తగారికి జవాబు చెప్పాల్సింది మీరు కాదు, ఆయన. "అమ్మా, మేమిద్దరం డాక్టరుకు చూపించుకుంటున్నాం, ఈ మాట ఇక నన్నే అడుగు, తనను అడగకు" అని ఒక్కసారి మీ ఎదుటే చెప్పమనండి. ఆయన ఒప్పుకోవడానికి కొంత సమయం పట్టినా, మీ పరీక్షలు ఆపకండి. వెళ్లేటప్పుడు గత ఆరు నెలల నెలసరి తేదీలు, ఇంతవరకు వేసుకున్న మాత్రల పేర్లు కాగితం మీద రాసి తీసుకువెళ్లండి.