అమెరికన్ కథకుడు రేమండ్ కార్వర్ ఒక్క నవలైనా ఎందుకు రాయలేదు?

తీరిక లేక. ఈ మాట ఆయనే ఒక వ్యాసంలో చెప్పుకున్నాడు.

1938లో ఆరెగన్ రాష్ట్రంలో, కలప మిల్లు కార్మికుడి ఇంట్లో పుట్టాడు. పంతొమ్మిదేళ్లకే పెళ్లి, వెంటవెంటనే ఇద్దరు పిల్లలు. మిల్లులో కూలి, సరుకుల డెలివరీ, శాక్రమెంటోలో ఒక ఆసుపత్రిని రాత్రిపూట ఊడ్చి తుడిచే పని, ఏది దొరికితే అది చేశాడు. ఆ వ్యాసంలోని ఒక ఘట్టం నన్ను ఇప్పటికీ వదలదు. 1960లలో అయోవా సిటీ. భార్య వడ్డన పనికి వెళ్లింది. ఈయన ఐదారు విడతల బట్టలు ఉతికి, లాండ్రీలో డ్రయ్యర్ కోసం కాచుకుని ఉన్నాడు. పిల్లలను తీసుకురావడానికి ఆలస్యమవుతోంది. చివరికి ఒక డ్రయ్యర్ ఆగింది. అంతలో ఒకామె వచ్చి, బట్టలు తడిమి చూసి, ఇంకా ఆరలేదని మళ్లీ నాణేలు వేసింది. తన బతుకు ఇక ఇంతేనని ఆ క్షణంలో అర్థమైందంటాడు. త్వరగా పూర్తయ్యేవి, త్వరగా డబ్బు తెచ్చేవి రాయక తప్పలేదు. అంటే కథలు, కవితలు.

నేను మందుల గోదాములో రాత్రి డ్యూటీ చేస్తూ కథలు రాస్తాను. పిల్లలను బడికి పంపాక నవల ముందు కూర్చుంటే, నిన్న ఆ పాత్ర ఏ గొంతుతో మాట్లాడిందో గుర్తు తెచ్చుకునేలోపే నిద్ర ముంచుకొస్తుంది. కథ అయితే మొత్తం మనసులో పెట్టుకునే పెట్టెలు లెక్కపెట్టవచ్చు. అందుకే ఆయన మాటను నేను పూర్తిగా నమ్ముతాను.

అయినా అదొక్కటే కారణం అనలేను. 1983లో ఆయనకు ఏటా 35,000 డాలర్ల చొప్పున ఐదేళ్లపాటు అందే పురస్కారం వచ్చింది. మరో ఉద్యోగం చేయకూడదన్నది షరతు. తీరిక దొరికింది, తాగుడు 1977లోనే మానేశాడు. అయినా నవల జోలికి పోలేదు, ముందు కవిత్వం రాశాడు. అప్పటికి ఆయన చూపే కథ కొలతకు కుదిరిపోయిందని నా అభిప్రాయం. 1988లో, 50 ఏళ్లకే ఊపిరితిత్తుల కేన్సర్‌తో పోయాడు.

క్లుప్తతే ఆయన ప్రత్యేకత అని చాలామంది అంటారు. 1981 నాటి సంపుటిలోని ఆ క్లుప్తతలో చాలా భాగం సంపాదకుడు గోర్డన్ లిష్ కత్తెరది. 'ది బాత్' కథలో, పుట్టినరోజున కారు గుద్దిన పిల్లవాడు బతికాడో లేదో తేలదు. ఫోను మోగుతుంది, తల్లి ఎత్తుతుంది, అవతల ఒక గొంతు పిల్లవాడి పేరు పలకడంతో కథ ఆగిపోతుంది. అదే కథ 'ఎ స్మాల్, గుడ్ థింగ్'గా పూర్తి నిడివితో వచ్చినప్పుడు, బిడ్డను పోగొట్టుకున్న ఆ దంపతులను, పుట్టినరోజు కేకు చేసిన బేకరీ యజమాని కూర్చోబెట్టి వేడివేడి రొట్టెలు తినిపిస్తాడు. నాకు రెండోదే గొప్పది. మీరు ముందు 'ది బాత్' చదవండి, ఆ తర్వాతే రెండోది తెరవండి.