ముందు ఆకు ఆరనివ్వు

చిట్టీ,

ఆదివారం పిల్లల పార్టీకి నలభై కుకీలు నువ్వే చేస్తానన్నావని మీ అమ్మ చెప్పింది. అదీ తాజా రోజ్‌మేరీ అనే వాసన ఆకు వేసి! ఎంత ముచ్చటేసిందో, ఆ వెంటనే అంత బెంగ పట్టుకుంది. అందుకే అన్నిటికంటే ముందు ఒకటి అడుగుతున్నాను: ఆకు ఎక్కడిది? అందానికి పెంచిన కుండీ మొక్కదైతే వద్దు. తినే మొక్కల మీద కొట్టకూడని పురుగుమందులు దానికి కొట్టి ఉండొచ్చు. దారిపక్క కోసిందైతే అసలే వద్దు. సూదుల్లా ఉన్న ప్రతి ఆకూ రోజ్‌మేరీ కాదమ్మా. యూ అనే చెట్టు ఆకూ సన్నగానే ఉంటుంది, అది విషం. రోజ్‌మేరీ ఆకు అంచులు కిందికి ముడుచుకుని ఉంటాయి, అడుగున తెల్లటి నూగు కనిపిస్తుంది, నలిపితే ఘాటుగా వాసనొస్తుంది. ఏమాత్రం అనుమానమున్నా పారేసి, వంటకని అమ్మే ఆకే కొనుక్కో. వాసన కోసం పెట్టుకునే తైలం సీసాలోంచి నాలుగు చుక్కలు వేద్దామని మాత్రం అనుకోకు. అది తినడానికి చేసింది కాదు.

కొలతలు సులువే. పంచదార 100 గ్రాములు, వెన్న 200, మైదా 300. కప్పులతో కాదు, తూకం వేసుకో. మైదా నొక్కి నింపితే ఒక లెక్క, వదులుగా పోస్తే ఇంకో లెక్క అవుతుంది. ఉప్పు లేని వెన్నయితే అర టీస్పూను ఉప్పు. రోజ్‌మేరీ సన్నగా తరిగాక ఒక టేబుల్‌స్పూను, అంతే. దానిలో కర్పూరం గుణం ఉంది, ఎక్కువైతే మందు నమిలినట్టుంటుంది. పుదీనా అయితే రెండు టేబుల్‌స్పూన్లు పడుతుంది. ఎండు ఆకు వాడాల్సివస్తే పచ్చిదానిలో మూడో వంతు చాలు.

ఇక పోయినసారి సంగతి. మీ అమ్మ పంపిన డబ్బా తెరిస్తే ఆకు నల్లగా ఉంది. కుకీ విరగలేదు, సాగింది. రెండో రోజుకే మెత్తబడింది. ఓవెన్ బాగాలేదన్నావు. ఓవెన్ తప్పేం లేదు. ఆకు కడిగి, రెండుసార్లు దులిపి, అలాగే తరిగేశావు.

కడిగిన రెమ్మ పైకి ఆరినట్టే కనిపిస్తుంది. ఆకుల మొదళ్లలో, ఆ ముడుచుకున్న అంచుల లోపల నీళ్లు దాక్కుని ఉంటాయి. పుదీనా ముడతల్లోనూ అంతే. తడి ఆకు కత్తి కింద జారుతుంది, తెగాల్సింది నలుగుతుంది. నలిగితే రసం కారి నల్లబడుతుంది. ఆ తడి మైదాకి తగిలాక, కలిపేకొద్దీ గ్లూటెన్ అనే జిగురు తయారై తీగలా సాగుతుంది. రొట్టెకి కావాల్సింది అదే, కుకీకి పనికిరానిదీ అదే. వెన్న మైదాకి పూతలా పట్టి ఆ సాగుడిని ఆపితేనే కుకీ గుల్లగా విరుగుతుంది. నువ్వేమో పిండి చేతికి అంటుకుంటోందని ఇంకో గుప్పెడు మైదా చల్లావు. కొలత అక్కడే చెడింది. వెన్న చాల్లేదు, పైభాగం గట్టిపడింది, లోపలి తడి అలాగే ఉండిపోయి డబ్బాలో మిగతావాటిని కూడా మెత్తబరిచింది.

కాబట్టి ఆకు శనివారం పొద్దున్నే కడిగెయ్. పొడి నూలుగుడ్డ మీద పరిచి, చుట్టి మెల్లగా అద్ది, విప్పి రెండు గంటలు నీడలో ఆరనివ్వు. ఎండలో పెడితే వాసన ఎగిరిపోతుంది. ఆకులు దూసి టిష్యూ మధ్య నొక్కు. మచ్చ పడిందా, ఇంకా ఆరలేదన్నమాట. కాడలు వదిలేసి, పదునైన కత్తితో బాగా సన్నగా తరుగు. పొడుగు ముక్క పసివాళ్ల గొంతులో గుచ్చుకుంటుంది, నాకు అదో భయం.

తరిగిన ఆకుని పంచదారలో వేసి వేళ్లతో నిమిషం సేపు రుద్దు. పలుకులు ఆకుని గీరి నూనె బయటికి తెస్తాయి. వెన్న వేలితో నొక్కితే గుంట పడాలి, నూనెలా మెరవకూడదు. పంచదార, వెన్న కలిపి, మైదా వేసి, పొడి కనబడకుండా పోగానే ఆపెయ్. 4.5 సెంటీమీటర్ల మందాన రెండు కడ్డీలుగా చుట్టి, గంటసేపు ఫ్రిజ్‌లో పెట్టు. 8 మిల్లీమీటర్ల బిళ్లలు కోస్తే నలభై వస్తాయి. ముందే వేడెక్కిన ఓవెన్‌లో 170 డిగ్రీల దగ్గర 14 నుంచి 16 నిమిషాలు. ఓవెన్‌లో ఫ్యాన్ ఉంటే 150 చాలు. అంచు బంగారు రంగుకి తిరగ్గానే తీసెయ్. నడుమ మెత్తగా అనిపించినా చల్లారితే గట్టిపడుతుంది. ఐదు నిమిషాలు ట్రే మీదే ఉంచి, తర్వాత జాలీ మీదికి మార్చు. వేడి మీద డబ్బాలో పెడితే ఆవిరికి అన్నీ పాడవుతాయి.

ఒలికిన పిండి ముద్ద నాకడం చిన్నప్పటినుంచీ నీకు అలవాటు. స్టూలెక్కి మరీ నాకేదానివి. ఇప్పుడు నీ చుట్టూ పిల్లలుంటారు, వాళ్లకి రుచి చూపించకు. గుడ్డు లేకపోయినా పచ్చి మైదాలో క్రిములు ఉండొచ్చు. మైదా తాకిన చేతులు సబ్బుతో కడిగించు.

శనివారం సాయంత్రం ముందు మూడు బిళ్లలే కాల్చు. పరుచుకుపోతే మిగతా కడ్డీ ఇంకో అరగంట చల్లబరుచు. అడుగు మాడితే ట్రే ఒక మెట్టు పైకి జరుపు. చల్లారాక ఒకటి విరిచి, విరిగిన చోటు కనబడేలా ఫొటో తీసి పంపు. నేను చూసి చెప్పేదాకా మిగతావి కొయ్యకు.

మీ పెద్దమ్మ